మా వార్డు పన్ను

“ఈ బళ్ళో నా కూతుర్ని ఎవరైనా చంపేస్తారేమోనని భయంగా ఉందండీ.”

“చంపరులే అమ్మాయ్. మహా అయితే ఓ పన్ను రాలగొడతారు. పాలపన్నేగా, మళ్ళీ వస్తుంది.”

ఓదార్పుగానే అంది ఆ మాట, బడి గేటుకి అడ్డంగా స్టూలు వేసుకుని కూర్చున్న ఆవిడ. ఒళ్ళో గంట కొట్టే ఇనప కడ్డీ. ఎడమ కనుబొమని రెండుగా చీల్చిన పాత మచ్చ. లోపల్నించి పిల్లల అరుపులు వినిపిస్తున్నాయి. పాఠం చదివే అరుపులు కావవి. ఎవరో ఎవరి జుట్టో పట్టుకుని లాగుతున్న అరుపులు. ఆవిడ తల తిప్పకుండానే కడ్డీతో గేటు మీద ఓ దెబ్బ వేసింది. అరుపులు ఆగాయి. ఊపిరి పీల్చుకుని మళ్ళీ మొదలయ్యాయి.

పిల్లలు ఆవిణ్ణి కొరుకుడత్త అంటారు. చాటుగా కాదు, ఎదురుగానే. ఆవిడ పలుకుతుంది కూడా.

భయపడుతూ వచ్చిన తల్లి ఆసుపత్రి లాబులో రక్తం తీసే ఉద్యోగం చేస్తుంది. ఆ సంగతి తెలిసిన మొదటి రోజే కొరుకుడత్త ఆమెకి సూదమ్మ అని పేరు పెట్టేసింది. సూదమ్మ చదివిన సైన్సు ఆమెకి ధైర్యం ఇవ్వలేదు సరికదా, భయాలకి పేర్లు నేర్పింది. కూతురికి ఒళ్ళు కాస్త వెచ్చబడితే చాలు, అందరు తల్లులకీ జ్వరం కనిపిస్తే ఈమెకి అరడజను జబ్బులు వరసగా కళ్ళముందు నిలబడతాయి. మొగుడు లారీ మీద ఊళ్ళు తిరుగుతాడు. అద్దె తక్కువని కాలవకి దిగువన గది తీసుకున్నారు. కాలవకి ఎగువన మంచి బడి ఉంది. రెండంతస్తులు, రంగు వేసిన గోడలు, బెంచీకి ఇద్దరు. కానీ అక్కడ చేర్చుకోవాలంటే ఎగువ వీధుల్లో ఇంటి నంబరు కావాలి. దిగువ ఇళ్ళకి అసలు నంబర్లే లేవు. అందుకని ఆరేళ్ళు నిండని బుడ్డిది ఈ గేటు దాటాల్సి వచ్చింది.

తల్లి చెయ్యి వదిలేముందు బుడ్డిది కొరుకుడత్తని కిందనుంచి పైదాకా చూసి అడిగింది: “నువ్వు నిజంగా కొరుకుతావా?”

“ఆకలేస్తే.”

“ఇప్పుడు ఆకలిగా ఉందా?”

“నీ అంత పిల్ల నా పంటి కిందకి రాదు. లోపలికి ఫో.”

కొరికిన మాట మాత్రం నిజం. కొరుకుడత్త ఇదే బళ్ళో చదివింది, రెండో తరగతి దాకా. ముగ్గురు కూర్చునే బెంచీ మీద అప్పుడూ ఆరుగురే. అయ్యవారు లోపలికి రాగానే “సర్దుకోండర్రా” అనేవాడు. మధ్యలో ఉన్నవాళ్ళు సర్దుకునేవాళ్ళు, చివర ఉన్నది కిందపడేది. ఆ చివర ఉన్నది ఎప్పుడూ ఈవిడే. ఒకసారి పడితే మోచెయ్యి చెక్కుకుపోయింది. మరోసారి బెంచీ కాలి అంచుకి తగిలి కనుబొమ చీలింది. ఆపైన ఓ రోజు పడ్డాక లేచి చివర కూర్చోలేదు. బెంచీ మీదకెక్కి మధ్యలో కూర్చున్న పిల్లవాడి చెవి పట్టుకుంది పళ్ళతో. అయ్యవారు బెత్తం విరిగేదాకా కొట్టినా వదల్లేదు. వదిలినప్పుడు చెవి ముక్క ఆవిడ నోట్లోనే ఉంది. ఇంటి దగ్గర తండ్రి బెల్టు తీశాడు. బడిలో పేరు తీసేశారు. అక్కణ్ణించి కంకర మిల్లు, ఆ మిల్లులోనే ఓ మొగుడు. వాడు తాగొచ్చి చెయ్యి చేసుకుంటే ఆ చెయ్యి విరగ్గొట్టింది. ఆసుపత్రికి తీసుకెళ్ళి కట్టు కట్టించింది కూడా తనే. మర్నాడు ఒంటిచేత్తో అన్నం తినలేక వాడు ఏడిస్తే కలిపి నోట్లో పెట్టింది. ఇవన్నీ ఆవిడ నవ్వుతూ చెబుతుంది. వినేవాళ్ళకి నవ్వాలో లేచి పోవాలో తెలీదు.

చెవి పోయిన పిల్లవాడు చదువుకున్నాడు. టీచరయ్యాడు. చాలా ఏళ్ళకి సగం చెవితో ఇదే బడికి హెడ్మాస్టరై వచ్చాడు. గేటు పని ఖాళీ ఉందని విని కొరుకుడత్త వెళ్ళి ఎదురుగా నిలబడింది.

“సారూ, ఆ చెవి కొరికింది నేనే.”

“తెలుసు,” అన్నాడాయన. “రెండోది నేనే జాగ్రత్తగా చూసుకుంటాను. రేపట్నించి రా.”

ఆయన మనిషి మంచివాడే. కాకపోతే ఏం అడిగినా నీళ్ళు నములుతాడు, చివరికి ఒకటే మాట అంటాడు. కుళాయిలో నీళ్ళు రావట్లేదు సార్ అంటే, సర్దుకుందాం. రెండు తరగతులకీ ఒక్కడే టీచరు సార్ అంటే, సర్దుకుందాం. ఆయన్ని సర్దుబాటు సారు అనని మనిషి దిగువన లేడు.

వానల్లో పక్కగది కప్పు నుంచి పెచ్చులు ఊడిపడ్డాయి. అన్నాల వేళ కాబట్టి కింద ఎవరూ లేరు. లేకపోతే పలకలతో పాటు తలలు కూడా పగిలేవి. ఆ గదికి తాళం పడింది. అందులోని తరగతిని ఇవతల గదిలోకి తోశారు. బెంచీలు ఎగువ బడివాళ్ళు పారేసినవి. కాళ్ళు ఊగితే, మేకులు లేస్తే, అవి కాలవ దాటి ఇక్కడికి వస్తాయి.

“అమ్మా, ఇవాళ నన్ను సర్దేశారు,” అంది బుడ్డిది బళ్ళో చేరిన కొత్తల్లో ఓ సాయంత్రం.

పుస్తకాలు సర్దారేమో అనుకుంది సూదమ్మ. స్నానం చేయిస్తుంటే భుజం మీద పంటి గాట్లు కనిపించాయి. వీపు మీద మేకు గీరిన చార. మర్నాడు గేటు దగ్గర అడిగితే కొరుకుడత్త చాలా మామూలుగా చెప్పింది.

“సర్దెయ్యడం అంటే బెంచీ మీంచి తోసెయ్యడం. ఇక్కడ ఆ మాటకి అదే అర్థం. టీచరు సర్దుకోమంటాడు, వీళ్ళు సర్దేస్తారు. నీ బుడ్డిదింకా కొత్త కదా, పడే వరసలో ఉంది.”

సూదమ్మ ఆ రాత్రంతా సీసాలో బంధించిన వాయువు గురించి ఆలోచించింది. కాలేజీలో చదివిందే. సీసా ఇరుకైన కొద్దీ అణువులు ఒకదాన్నొకటి గుద్దుకోవడం ఎక్కువవుతుంది. అణువులు చెడ్డవై కాదు, చోటు లేక. అలా అనుకుంటే కాస్త తెరిపిగా అనిపించింది. కూతురి భుజం మీది గాట్లు చూస్తే ఆ తెరిపి పోయింది.

ఆసుపత్రిలో తన వారం సెలవు రోజున సూదమ్మ, బుడ్డిది మర్చిపోయిన నీళ్ళ సీసా ఇవ్వడానికి బడికి వెళ్ళింది. కిటికీ ఊచల్లోంచి చూసింది. గది నిండా పిల్లలు. తల ఎక్కడో, చెయ్యి ఎవరిదో తెలియకుండా కుక్కినట్టు ఉన్నారు. సర్దుబాటు సారే పాఠం చెబుతున్నాడు. ఎవరో ఇంకో పిల్ల ఆలస్యంగా వచ్చింది. సారు బోర్డు వైపు తిరిగే అన్నాడు: “సర్దుకోండర్రా.”

బెంచీ కదిలింది. బుడ్డిది ముందు నడుం బిగించింది. కాళ్ళు నేలకి తన్నిపెట్టింది. తర్వాత చాలా నేర్పుగా, ఎవరూ చూడకుండా, పక్కపిల్ల డొక్కలో మోచేత్తో ఒక్క పోటు పొడిచింది. ఆ పిల్ల అరవను కూడా లేదు. వెనక్కి విరుచుకుపడింది. వెనక బెంచీ ఇనప కాలికి తల కొట్టుకున్న చప్పుడు కిటికీ దాకా వినిపించింది.

నెత్తురు నేల మీద పలకల కిందికి పాకింది. కొరుకుడత్త ఎక్కణ్ణించి వచ్చిందో, పిల్లల్ని రెండు చేతులతో ఈడ్చి పారేస్తూ దూసుకొచ్చింది. అడ్డమొచ్చిన ఒకడి చెంప పగిలింది. సూదమ్మ తన పైబట్ట ఉండచుట్టి పిల్ల తలకి అదిమి పట్టింది. రోజూ నెత్తురు చూసే చెయ్యి. సూది గుచ్చేటప్పుడు ఎన్నడూ తడబడని చెయ్యి. ఇప్పుడు ఎంత గట్టిగా అదమాలో దానికి తెలియలేదు. తలకి కుట్లు పడ్డాయి, పిల్ల బతికింది.

“ఎందుకలా చేశావే?” అని అడిగింది ఇంటికొచ్చాక.

“నేను సర్దేశానమ్మా. లేకపోతే అది నన్ను సర్దేస్తుంది.” బుడ్డిది కొంచెం గర్వంగానే చెప్పింది. “ఇప్పుడు నేను మధ్యలో కూర్చుంటా.”

సూదమ్మ దాని మోచెయ్యి పట్టుకుని చూసింది. ఇన్నాళ్ళూ కూతురికి ఏమవుతుందోనని భయపడింది. కూతురు ఏమవుతుందోనని ఆ రోజు మొదటిసారి భయపడింది.

మర్నాడు సారు గదిలో కూర్చోకుండానే అడిగింది. “ఇంకో గది, పది బెంచీలు. ఎందుకు రావు సార్?”

సారు సగం చెవి తడుముకున్నాడు. “ఏ వార్డు పన్ను ఆ వార్డు బడికేనమ్మా, మన ఊళ్ళో పద్ధతది. ఎగువన ఇంటి పన్నులు దండిగా వస్తాయి, బడి దండిగా ఉంటుంది. మన వార్డు నుంచి పన్ను రావట్లేదు.”

“కట్టించుకోమనండి. కడతాం.”

“కట్టించుకోరు. నంబరు లేని ఇంటికి పన్నెలా వేస్తారు?”

“నంబరివ్వమనండి.”

“ఇస్తే ఇక్కడ ఇళ్ళున్నాయని ఒప్పుకున్నట్టు. ఒప్పుకుంటే దీపాలు వెయ్యాలి, మురుగు తియ్యాలి. అందుకని ఇవ్వరు.”

“అంటే మా దగ్గర పన్ను తీసుకోనిదీ వాళ్ళే, పన్ను కట్టలేదని మా పిల్లల్ని చావమనేదీ వాళ్ళేనా?”

“తల పగిలిన సంగతి ఊరి కౌన్సిలుకి రాశానమ్మా. వార్డు మెంబరుగారు స్వయంగా వస్తానన్నారు. అప్పటిదాకా...”

“ఆ మాట అనకు సారూ,” అంది తలుపు దగ్గర్నించి కొరుకుడత్త. “ఈసారి ముక్కు కొరుకుతా.”

వార్డు మెంబరు వచ్చాడు. బడికి కావలసిన పనులన్నీ చేసినట్టు బిల్లులు పెట్టే కాంట్రాక్టరు, అంటే ఆయన బావమరిదే, పన్నుల గుమాస్తా, బుజాలు పెంచిన ఇద్దరు మనుషులు వెంట వచ్చారు. పిల్లల్ని బయటికి పంపి గదిలో తల్లిదండ్రుల్ని గోడ వారగా నిలబెట్టారు. బల్ల మీద మెంబరు కోసం గాజు గ్లాసులో నీళ్ళు.

మెంబరు గొంతు మెత్తన. “అందరిదీ కష్టమేనమ్మా. వార్డు నుంచి పన్ను రావట్లేదు. వచ్చే ఏడు చూద్దాం. అప్పటిదాకా పిల్లలే కదా, ఒకళ్ళనొకళ్ళు కాస్త సర్దుకుంటే...”

తలుపు ధడాలున మూసుకుంది. కొరుకుడత్త లోపలి గడియ వేసి, గంట కడ్డీ చేతిలోకి తీసుకుంది. వీపుని తలుపుకి ఆనించి నిలబడింది.

“కూర్చోండి,” అంది బెంచీ చూపించి.

“ఏంటమ్మా ఇది?”

“ముగ్గురి బెంచీ. మీరు ఐదుగురున్నారు. సారూ, నువ్వు కూడా. ఆరుగురు. సరిగ్గా సరిపోయారు.”

బావమరిది నవ్వాడు. కడ్డీ గాల్లో లేచి బల్ల మీద పడింది. గ్లాసు పగిలి పెంకులు బావమరిది మొహానికి ఎగిరాయి. చెంప మీంచి సన్నగా నెత్తురు కారింది. రెండో దెబ్బకి బల్ల చెక్క నిలువునా చీలింది. మూడో దెబ్బ ఎక్కడ పడుతుందో ఎవరికీ తెలీదు. బుజాల మనుషుల్లో ఒకడు ముందుకు కదిలాడు. కడ్డీ కొస వాడి మోకాలిని చూసుకుంది. వాడు కుంటుకుంటూ వెళ్ళి కూర్చున్నాడు. మిగతావాళ్ళు వెనకే కూర్చున్నారు.

“ఒక్క పీరియడు. గంట కొట్టేది నేనే. లేచారో, మీ తలలకీ ఆసుపత్రిలో కుట్లుంటాయి.”

మొదట అది నవ్వులాటలా ఉంది. గోడ వారగా ఎవరో కిసుక్కున నవ్వారు కూడా. తర్వాత చెమటలు పట్టాయి. ఒకడి మోకాలు ఇంకొకడి తొడలోకి దిగింది. గుమాస్తా వీపులో మేకు గుచ్చుకుని కెవ్వుమన్నాడు. బావమరిది మెంబరు మోచెయ్యి నెట్టేశాడు. మెంబరు బావమరిదిని అమ్మనాబూతులు తిట్టాడు. బుజాలాడు కాలు చాపితే చివరన ఉన్న సర్దుబాటు సారు దభీమని కిందపడ్డాడు. లేచాడు. కూర్చున్నాడు. మళ్ళీ పడ్డాడు. కళ్ళజోడు విరిగింది. చిన్నప్పుడు బెంచీ మధ్యలో చోటు దొరికిన పిల్లవాడికి చివర కూర్చోవడమంటే ఏమిటో ఇన్నేళ్ళకి తెలిసింది.

ముచ్చటగా మూడోసారి పడ్డప్పుడు మెంబరు విసుక్కున్నాడు. “ఏంటి సారూ మీరు, కాస్త సర్దుకోండి!”

సారు నేల మీంచి ఆయన వంక చూశాడు. నోట్లో నాలుక లేని మనిషి, జన్మలో ఎవర్నీ కొట్టని మనిషి, లేచి పిడికిలి బిగించి మెంబరు నోటి మీద గుద్దాడు. ఒకసారి కాదు. చెయ్యి నొప్పెట్టేదాకా. ఏదో తెల్లటిది నెత్తుట్లో దొర్లుకుంటూ వచ్చి గోడ దగ్గర ఆగింది.

కొరుకుడత్త వంగి ఆ పన్ను తీసింది. తుడిచింది. గుమాస్తా అరచేతిలో పెట్టి వేళ్ళు మూసింది.

“గుమాస్తాగారూ, మా వార్డు నుంచి పన్ను రావట్లేదన్నారుగా. వచ్చింది. రాసుకోండి. ఇది పాలపన్ను కాదు, మళ్ళీ రాదు.”

ఆ ఒక్క క్షణం ఆవిడ కడ్డీ కిందికి దిగింది. అది చాలు. బుజాల మనుషులిద్దరూ మీదపడ్డారు. కడ్డీ గుంజుకుని దాంతోనే కొట్టారు. మొదటి దెబ్బకి ముంజేతి ఎముక విరిగిన చప్పుడు ఎండుపుల్ల విరిగినట్టు వినిపించింది. ఆవిడ పడిపోయాక కూడా ఆపలేదు. గోడ వారగా ఉన్నవాళ్ళు గోడకి ఇంకా అతుక్కుపోయారు. సూదమ్మ ఎప్పుడు పరిగెత్తిందో ఆమెకే తెలీదు. ఒకడి జుట్టు రెండు చేతులతో దొరకబుచ్చుకుని వెనక్కి విరిచింది. వాడు మోచేత్తో ఆమె మొహం మీద కొట్టాడు. పెదవి చిట్లింది. ఆమె గోళ్ళు వాడి మెడలో దిగాయి. వేళ్ళ కింద నరం కొట్టుకుంటోంది. ఎక్కడ నొక్కితే ఏమవుతుందో ఆమెకి బాగా తెలుసు.

“సర్దెయ్ అమ్మా! సర్దెయ్!”

కిటికీ ఊచలకి అతుక్కుని బుడ్డిది గంతులేస్తోంది. కళ్ళు మెరిసిపోతున్నాయి. దాని చుట్టూ పిల్లలంతా చప్పట్లు కొడుతున్నారు.

సూదమ్మ వేళ్ళు వదులయ్యాయి. కొరుకుడత్త విరిగిన చెయ్యి మీదకి వంగి, తన వీపుతో ఆవిణ్ణి కప్పేసింది. మిగిలిన దెబ్బలు ఆ వీపు మీద పడ్డాయి. తలుపు బద్దలై జనం లోపలికొచ్చేదాకా పడుతూనే ఉన్నాయి.

మెంబరు మీద చెయ్యి చేసుకున్నందుకు సర్దుబాటు సారుని ఉద్యోగంలోంచి తీసేశారు. కొరుకుడత్తకి ఆసుపత్రి మంచం, మంచం పక్కన కానిస్టేబులు. రక్తం తీసే వంతు సూదమ్మదే పడింది.

“బాగున్న చెయ్యి ఇవ్వత్తా.”

“ఉన్నది ఒకటేగా, అదీ నువ్వే తీసుకో.” నవ్వితే పక్కటెముకలు నొప్పెట్టి ఆగింది. “నీ వీపెలా ఉంది?”

“ఉంది.” సూది గుచ్చి, సీసా నిండుతుంటే, తల ఎత్తకుండా అడిగింది. “నా కూతురికి ఏం చెప్పనత్తా? సర్దుకోమంటే అది కిందపడుతుంది. తిరగబడమంటే పక్కదాని తల పగలగొడుతుంది. ఆ రోజు కిటికీలోంచి దాని మొహం చూశాను. నాకు నిద్ర పట్టట్లేదు.”

కొరుకుడత్త సీసాలోకి ఎక్కుతున్న తన నెత్తురు వంక చూస్తూ చెప్పింది.

“ఆ చెవి కొరికాక నాకు కడుపు నిండినట్టయింది. నిజంగా. మొన్న ఆ పన్ను ఏరుకున్నప్పుడూ అంతే. కానీ చూడు, చెవి పోయింది, పన్ను పోయింది, నా చెయ్యి పోయింది. బెంచీ మాత్రం జానెడు పెరగలేదు. నేను కూడా జన్మంతా సర్దేశానే గానీ ఇంకేం చెయ్యలేదు.” కానిస్టేబులు వైపు చూసి గొంతు తగ్గించింది. “నీ పిల్లకి చెప్పు. చోటు లేని చోట జరగొద్దు, తొయ్యొద్దు. లేచి నిలబడమను. చోటు లేదండీ అని చెప్పమను. చోటు చూపించేదాకా కూర్చోవద్దను. కొడతారు. అయినా కూర్చోవద్దను. పిల్లకే కాదు, నీకూ చెబుతున్నాను.”

బుడ్డిదానికి అర్థం కావడానికి రోజులు పట్టింది. మధ్య చోటు వదులుకోవడం దానికి సుతరామూ ఇష్టం లేదు. చివరికి నిలబడింది. కొత్త హెడ్మాస్టరు సర్దుకోమన్నాడు. “చోటు లేదండీ,” అంది. చేతి మీద బెత్తం పడింది. ఏడుస్తూనే నిలబడింది. తలకి కుట్లు పడ్డ పిల్ల దాన్ని కాసేపు అనుమానంగా చూసి, తనూ లేచింది. ఇప్పుడు ఆ గదిలో నిలబడేవాళ్ళు ఓ గోడ పొడుగునా ఉన్నారు. కాళ్ళు లాగుతున్నాయని ఇళ్ళ దగ్గర ఏడుస్తారు. తలలు మాత్రం పగలట్లేదు.

ఊరి కౌన్సిలు సమావేశాలకి సూదమ్మ సెలవు పెట్టుకుని వెళుతుంది. అడిగేది ఒక్కటే. ఏ వార్డు పన్ను ఆ వార్డు బడికి కాదు, ఊరి పన్నంతా ఒక్కచోట పోసి ఊళ్ళో పిల్లలందరికీ పంచమని. ఒకసారి బయటికి గెంటారు. ఒకసారి మెట్ల మీంచి తోశారు, మోకాలి చిప్ప కదిలింది. కట్టు కట్టుకుని మళ్ళీ వెళ్ళింది. మొన్న దిగువ నుంచి ఇంకొందరు తల్లులు కూడా వచ్చారు.

ముందు పన్ను లేని నోటితో మెంబరు మాటలు ఈలలా వస్తాయి. ఆ రోజు హాల్లో కుర్చీలన్నీ ఎగువవాళ్ళతో నిండిపోయి ఉన్నాయి. ఆయన మర్యాదగానే అన్నాడు:

“ఎంతసేపని నిలబడతారమ్మా? రండి, కూర్చోండి. సర్దుకుందాం.”

“చోటు లేదండీ,” అంది సూదమ్మ. నిలబడే ఉంది.